వీడియో రెండరింగ్ వేగం పెరగాలంటే: ఎక్కువ కోర్లా, గ్రాఫిక్స్ కార్డా, ఫైలును ముక్కలు చేయడమా?

మాఘమాసం వచ్చిందంటే అనంతపురం, కర్నూలు, కడపల్లో పెళ్లి వీడియోల మిక్సింగ్ (ఎడిటింగ్) చేసేవాళ్లకు నిద్ర ఉండదు. వారంలో నాలుగైదు పెళ్లిళ్లు వచ్చి పడతాయి. ఒక్కో పెళ్లికి మూడు గంటల ఫైలు, దాని మీద టీజర్, ఆ పైన గండికోటలో తీసిన ప్రీ వెడ్డింగ్. పార్టీ వాళ్లేమో పెన్‌డ్రైవ్ ఎప్పుడిస్తారని ఫోన్లు. ఇటు ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసినదాన్ని ఒక్క ఫైలుగా తీయడం) పెడితే బార్ కదలదు, టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ ముప్పై శాతం కూడా వాడకంలో ఉండదు. అప్పుడు ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే: ఇంకా ఎక్కువ కోర్లు (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు) ఉన్న మిషన్ తీసుకుందామా, లేక బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ జియాన్ (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్) వర్క్‌స్టేషన్ చూద్దామా అని.

ఆగండి. ఉన్న కోర్లే ఖాళీగా కూర్చున్నప్పుడు ఇంకో పది కొంటే ఆ పదీ పక్కన కూర్చుంటాయి. పనిని పంచితేనే కోర్లు పనిచేస్తాయి, ఆ పంపకం సాఫ్ట్‌వేర్ చేయకపోతే మనం చేయాలి, లేదంటే కోర్లతో సంబంధం లేని దారి వెతుక్కోవాలి. ఈ దారుల్లో మీకు ఏది సరిపోతుందో తేల్చుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

## ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైనది టైమ్ ఎక్కడ పోతోందన్నది. రెండరింగ్ అంటే ఒకే పని కాదు, మూడు పనులు వరసగా జరుగుతాయి. కెమెరా ఫైలును విప్పి ఫ్రేములుగా చేయడం ఒకటి, దాన్ని డీకోడ్ అంటాం. ఆ ఫ్రేముల మీద కలర్, టైటిల్, స్లో మోషన్, నాయిస్ తగ్గించడం లాంటివన్నీ వేయడం రెండోది. అలా వచ్చినదాన్ని మళ్లీ కుదించి ఫైలుగా రాయడం, అంటే ఎన్‌కోడ్, మూడోది. ఈ మూడింటిలో ఏది నెమ్మదైతే మొత్తం ఆ వేగానికే పోతుంది, మిగతా రెండూ దాని కోసం కాచుకుని ఉంటాయి.

ఏది అడ్డంగా ఉందో కనుక్కోవడం కష్టమేం కాదు. మీ టైమ్‌లైన్‌లో (ఎడిట్ చేసిన క్లిప్పులు వరసగా ఉండే చోట) బాగా బరువైన ఐదు నిమిషాల ముక్క తీసుకోండి. ఒకసారి ఎప్పటిలాగే హెచ్.264 (బాగా కుదించే మామూలు వీడియో ఫార్మాట్)లో ఎక్స్‌పోర్ట్ చేయండి. అదే ముక్కను కుదింపు తక్కువ ఉండే ఎడిటింగ్ ఫార్మాట్‌లోకి తీయండి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఎడియస్ వాడేవాళ్లు హెచ్‌క్యూఎక్స్, ప్రీమియర్ వాళ్లు ప్రోరెస్ లేదా డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్. టైమ్ బాగా తగ్గిందంటే మీ సమస్య ఎన్‌కోడ్. తగ్గకపోతే ఎఫెక్టులన్నీ ఆఫ్ చేసి ఇంకోసారి తీయండి. ఇప్పుడు తగ్గితే తప్పు ఎఫెక్టులది. రెండుసార్లూ తేడా రాలేదంటే ఇక మిగిలింది కెమెరా ఫైలు విప్పడమో, హార్డ్ డిస్కో. ఈ పరీక్ష చేయకుండా ఏ పార్టూ కొనొద్దు, ఎవరు చెప్పినా సరే.

ఇది నడుస్తుండగానే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లి ప్రాసెసర్ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి, ఒక్కో లాజికల్ ప్రాసెసర్‌ను విడిగా చూపించమనండి. అన్నీ సగం సగం వాడకంలో ఉండటం వేరు, ఒకటి మాత్రం నూటికి నూరు కొట్టి మిగతావి నేలమీద ఉండటం వేరు. రెండో రకం కనిపిస్తే, మీరు వాడే ఏదో ఒక ఎఫెక్ట్ ఒకే కోర్ మీద నడుస్తోందని చాలావరకు అర్థం. అక్కడ 16 కోర్లున్నా 64 ఉన్నా ఒకటే. గ్రాఫిక్స్ కార్డు పేజీలో వీడియో డీకోడ్, వీడియో ఎన్‌కోడ్ అని వేరే గ్రాఫులుంటాయి, అవీ చూడండి. సున్నా దగ్గరే ఉన్నాయంటే డబ్బు పెట్టి కొన్న కార్డులోని సగం సామాను వాడటం లేదన్నమాట.

తర్వాత చూసుకోవాల్సినవి: ఒక సైజులో ఎంత క్వాలిటీ కావాలి, మన ఎండకు మిషన్ తట్టుకుంటుందా, కరెంటు పోతే ఎంత పని పోతుంది, సెటప్‌కు ఎంత తంటా పడాలి.

## మొదటి దారి: హార్డ్‌వేర్ ఎన్‌కోడర్

ఇంటెల్‌లో క్విక్ సింక్ 2011 నుంచి ఉంది, ఎన్విడియా కార్డుల్లో ఎన్‌వెంక్ 2012 నుంచి. ఇవి వీడియో కుదించడానికే చిప్‌లో పెట్టిన ప్రత్యేకమైన భాగాలు, కోర్ల లెక్కతో వీటికి పనిలేదు. ప్రీమియర్ ప్రోలో ఎన్విడియా, ఏఎండీ కార్డులతో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ 2020 మేలో వచ్చింది. ఎడియస్ ఎన్నో ఏళ్లుగా క్విక్ సింక్‌ను వాడుకుంటోంది, అందుకే ఎడియస్ వాడేవాళ్లు ఇంటెల్ వదలరు.

లెక్క చూడండి. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున మూడు గంటల పెళ్లి అంటే 2,70,000 ఫ్రేములు. మీ మిషన్ సెకనుకు 50 ఫ్రేములు తీస్తుంటే గంటన్నర పడుతుంది, 150 తీస్తే అరగంట. సాదా టైమ్‌లైన్‌లో ఈ తేడా కోర్లు పెంచితే రావడం కష్టం, ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్‌లో సాఫ్ట్‌వేర్ అని ఉన్నదాన్ని హార్డ్‌వేర్ అని మారిస్తే చాలామందికి వస్తుంది. పైసా ఖర్చు లేదు.

క్వాలిటీ సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి. ఒకే బిట్‌రేట్ (సెకను వీడియోకు ఎంత డేటా) దగ్గర, నిదానంగా నడిచే ఎక్స్‌264 సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడరే మెరుగ్గా ఉంటుంది. ఆ తేడా ఎక్కడ బయటపడుతుందంటే తలంబ్రాలు పోసే సీన్లో. వందల గింజలు ఒక్కసారిగా కదులుతాయి, పైన పూలు, వెనక లైట్ల తోరణాలు, బిట్‌రేట్ తక్కువైతే బొమ్మ గళ్లు గళ్లుగా పగిలిపోతుంది. పెన్‌డ్రైవ్‌కు ఫుల్ హెచ్‌డీలో 20 ఎంబీపీఎస్ పైన ఇచ్చేటప్పుడు ఈ తేడా టీవీలో చూసేవాళ్లకు కనపడదు. యూట్యూబ్‌కు పంపేదైతే వాళ్లు ఎలాగూ మళ్లీ కుదిస్తారు. చిన్న సైజులో వాట్సాప్‌కు పంపే టీజర్‌కైతే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడరే వాడండి, రెండు నిమిషాల ఫైలుకు టైమ్ ఎంత పోతుంది గనక.

కొనేటప్పుడు మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి క్విక్ సింక్ కూడా ఉండదు. కొంచెం తక్కువకు వస్తుందని షాపువాళ్లు అదే అంటగడతారు. జీటీ 1030 కార్డులో ఎన్‌వెంక్ అసలు లేదు. జీటీఎక్స్ 1650 మొదట వచ్చిన రకంలో పాత తరం ఎన్‌వెంక్ ఉంది, 1650 సూపర్‌లో మంచిది ఉంది. ఇక సోనీ ఏ7 ఫోర్ లాంటి కెమెరాల్లో 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువుండే రకం) తీసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ రకం హెచ్.265 (హెచ్.264 తర్వాతి ఫార్మాట్) ఫైళ్లను విప్పే శక్తి ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచే వచ్చింది, ఇంటెల్ క్విక్ సింక్‌లో మాత్రం 11వ తరం నుంచే ఉంది. ఆర్‌టీఎక్స్ 3060 పెట్టుకుని కూడా టైమ్‌లైన్ నత్తలా నడుస్తోందంటే కారణం తరచూ ఇదే. కార్డు పెట్టాక లోపలి గ్రాఫిక్స్ ఆగిపోయి ఉంటే బయోస్ (మిషన్ ఆన్ చేయగానే తెరిచే సెట్టింగులు)లోకి వెళ్లి ఆన్ చేయండి, రెండూ కలిసి పనిచేస్తాయి.

## రెండో దారి: ఎక్కువ కోర్లు

కోర్లు రెట్టింపు చేస్తే టైమ్ సగం అవుతుందని చాలామంది నమ్మకం. కాదు. 1967లో జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటర్ ఇంజినీర్ దీని మీద లెక్క చెప్పాడు. పనిలో తొంభై శాతం పంచడానికి వీలైనదే అనుకుందాం, మిగతా పది శాతం ఒకరే చేయాలి. 8 కోర్లతో వేగం 4.7 రెట్లు అవుతుంది, 16 కోర్లతో 6.4 రెట్లు. ఎన్ని వందల కోర్లు పెట్టినా పది రెట్లు దాటదు. మన చేలల్లో చూస్తూనే ఉంటాం కదా, వేరుశనగ పీకడానికి ఇరవైమంది కూలీలు దిగితే పొద్దెక్కేసరికి చేను ఖాళీ, కానీ కాయ కొట్టే మిషన్ ఒక్కటే ఉంటే సాయంత్రం దాకా అందరూ దాని దగ్గరే నిలబడాలి.

ఎన్‌కోడర్‌కు కూడా దానికంటూ ఒక హద్దు ఉంది. హెచ్.265 తీసే ఎక్స్‌265 ఎన్‌కోడర్ ఒక ఫ్రేమును 64 పిక్సెళ్ల ఎత్తున్న వరసలుగా కోసి, ఒక్కో వరసను ఒక్కో థ్రెడ్‌కు (కోర్ మీద నడిచే ఒక పని వరసకు) ఇస్తుంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో అలాంటి వరసలు 17, ఫోర్‌కేలో 34. పైగా కింది వరస ఎప్పుడూ పై వరస కంటే కొంచెం వెనకే నడవాలి. అందుకే పెద్ద ప్రాసెసర్‌లో ఫోర్‌కే పని ఇచ్చినప్పుడు కోర్లన్నీ కదులుతాయి, ఫుల్ హెచ్‌డీ ఇస్తే సగం ఊరుకుంటాయి. ఇది మిషన్‌లో లోపం కాదు, పనే అంతకు మించి ముక్కలవదు.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ డ్యుయల్ జియాన్ (రెండు ప్రాసెసర్ల మిషన్) సంగతి. రేటు చూస్తే నోరూరుతుంది. ఈ5-2680 వీ4 రెండు పెడితే 28 కోర్లు, 56 థ్రెడ్లు. కాగితం మీద బాగుంది. కానీ వాటిలో క్విక్ సింక్ లేదు, ఒక్కో కోర్ వేగం ఇప్పటి మామూలు ఐ5 కంటే చాలా తక్కువ, అంటే టైమ్‌లైన్ మీద పనిచేసేటప్పుడు రోజంతా ఆ నెమ్మదితనం అనుభవించాలి. విండోస్ హోమ్ ఎడిషన్ ఒక్క ప్రాసెసర్‌నే గుర్తిస్తుంది, రెండోది కనపడాలంటే ప్రో ఉండాలి. కొందరు 18 కోర్ల జియాన్లు రెండు పెడతారు, అప్పుడు థ్రెడ్లు 72. విండోస్ ఒక గుంపులో 64కి మించి పెట్టదు, అందుకని వాటిని 36, 36గా విడగొడుతుంది, ఆ సంగతి తెలియని సాఫ్ట్‌వేర్ ఒక్క గుంపునే వాడి రెండో ప్రాసెసర్‌ను ముట్టుకోదు. విండోస్ 11లో ఈ పద్ధతి మార్చారు గానీ ఆ పాత జియాన్లు విండోస్ 11 అధికారిక లిస్టులో లేవు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది.

ఇప్పటికే కొని ఉంటే మాత్రం బాధపడాల్సిన పనిలేదు, రెండు విషయాలు సరిచూసుకోండి. ర్యామ్ మొత్తం ఒక ప్రాసెసర్ వైపే గుచ్చి ఉంటే రెండో ప్రాసెసర్ ప్రతిదానికీ అటు పోయి తెచ్చుకోవాలి, కాబట్టి రెండు వైపులా సమానంగా, వీలైతే వైపుకు నాలుగు స్టిక్కుల చొప్పున పెట్టండి. రెండోది, ఒకే పెద్ద ఎక్స్‌పోర్ట్ కంటే రెండు వేర్వేరు ఎన్‌కోడ్‌లు ఒకేసారి నడపండి. ఆ మిషన్ సత్తా తెలిసేది అక్కడే.

ఇంటెల్ 12వ తరం, ఆ తర్వాతివి ఉన్నవాళ్లకు ఒక చిన్న మాట. వాటిలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు అని రెండు రకాలుంటాయి. ఎన్‌కోడ్ నడుస్తుండగా విండోను మినిమైజ్ చేస్తే విండోస్ ఆ పనిని చిన్న కోర్ల మీదికి నెట్టేయడం జరుగుతుంది. పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టి, ఆ విండోను తెరిచే ఉంచండి.

## మూడో దారి: ఫైలును ముక్కలు చేసి ఒకేసారి నడపడం

నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే, ఎందుకంటే కొత్తగా ఏమీ కొనకుండా ఖాళీగా ఉన్న కోర్లకు పని దొరుకుతుంది.

తేలికైన రూపం ముందు చెప్తాను. కెడెన్‌లైవ్, షాట్‌కట్ రెండింట్లోనూ ఎక్స్‌పోర్ట్ దగ్గర పారలల్ ప్రాసెసింగ్ అనే టిక్ బాక్స్ ఉంటుంది, పెట్టి చూడండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఒకేసారి అనేక ఫ్రేములు రెండర్ చేసే సదుపాయం 2021 అక్టోబర్‌లో వచ్చింది, ఇంకా అంతకు ముందు వెర్షన్ వాడుతుంటే టైటిళ్ల పని చేసేవాళ్లు మారడమే మంచిది. బ్లెండర్‌లో పెళ్లి ఇంట్రోలు, లోగోలు చేసేవాళ్లు బొమ్మల వరసగా రెండర్ పెట్టి, ఓవర్‌రైట్ తీసేసి, ప్లేస్‌హోల్డర్స్ టిక్ పెట్టి, బ్లెండర్‌ను రెండు మూడు సార్లు తెరిచి నడపొచ్చు. ఒకరు తీసుకున్న ఫ్రేమును ఇంకొకరు ముట్టుకోరు.

కొంచెం కష్టపడే రూపం ఇంకోటి. టైమ్‌లైన్ నుంచి ఎడిటింగ్ ఫార్మాట్‌లో ఒకసారి బయటికి తీసి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని పది పదిహేను నిమిషాల ముక్కలుగా కోసి, మూడు నాలుగు ముక్కలు ఒకేసారి కుదించి, చివర్లో మళ్లీ కుదించకుండా అతికించడం. కీఫ్రేమ్ (వేరే ఫ్రేముల సాయం లేకుండా విప్పగలిగే ఫ్రేము) దగ్గర కోయాలి, ఎడిటింగ్ ఫార్మాట్లలో ప్రతి ఫ్రేమూ కీఫ్రేమే కాబట్టి ఎక్కడైనా కోయొచ్చు. ఆడియోను ముక్కలు చేయకండి, మొత్తం ఒకేసారి విడిగా తీసి చివర్లో కలపండి, లేకపోతే అతుకుల దగ్గర సన్నాయి మధ్యలో టక్ మని శబ్దం వస్తుంది. టూ పాస్ బిట్‌రేట్ (సైజు ముందే కట్టేసేది) బదులు సీఆర్‌ఎఫ్ (క్వాలిటీ స్థిరంగా ఉంచే సెట్టింగ్) వాడండి, అప్పుడు ముక్కలన్నింట్లో క్వాలిటీ ఒకేలా ఉంటుంది.

16 థ్రెడ్లున్నాయని పదహారు ముక్కలు పెట్టకూడదు. ఒక్కో ముక్కకు దాని ర్యామ్ అది తింటుంది, ఎన్‌కోడర్ కూడా లోపల కొన్ని థ్రెడ్లు వాడుకుంటుంది. రెండుతో మొదలుపెట్టి, తర్వాత మూడు, నాలుగు చేసి చూడండి, మొత్తం టైమ్ తగ్గడం ఎక్కడ ఆగితే అక్కడ ఆపండి. పాత హార్డ్ డిస్క్ మీద నాలుగు ముక్కలు ఒకేసారి చదివిస్తే అది అటూ ఇటూ తిరగలేక మొదటికంటే నెమ్మదవుతుంది, ఎస్‌ఎస్‌డీ ఉంటేనే ఇది పెట్టుకోండి. ఇంకోటి, ఎన్‌వెంక్‌తో ముక్కలు చేసి లాభం తక్కువ, చాలా కార్డుల్లో ఎన్‌కోడ్ చేసే చిప్ ఒకటే, నాలుగు పనులిస్తే నాలుగూ దానికే క్యూ కడతాయి.

పల్లెల్లో ఉండేవాళ్లకు దీనిలో ఇంకో పెద్ద లాభం ఉంది. కరెంటు పోతే నడుస్తున్న ముక్కలే పోతాయి, పూర్తయినవి అలాగే ఉంటాయి. మూడు గంటల ఫైలు తొంభై శాతం దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి పెట్టాల్సి రావడం ఎంత నరకమో మిక్సింగ్ చేసే ప్రతివాళ్లకూ తెలుసు.

## నాలుగో దారి: పక్కన ఇంకో కంప్యూటర్

మూలన పడేసిన పాత మిషన్ ఉంటే రెండరింగ్ దానికి అప్పగించి, మీరు కొత్తదాని మీద తర్వాతి పెళ్లి మొదలుపెట్టొచ్చు. రెండర్ టైమ్ తగ్గదు, కానీ మీ చేతులు ఖాళీగా ఉండవు. సీజన్‌లో దీని విలువే వేరు.

ఒకే వెర్షన్ సాఫ్ట్‌వేర్, ఒకే ప్లగిన్లు, ఒకే డ్రైవ్ అక్షరం ఉండాలి. ఫాంట్లు మర్చిపోకండి, అను ఫాంట్లతో టైటిల్ వేసి రెండో మిషన్‌లో ఆ ఫాంట్ లేకపోతే వధూవరుల పేర్లు పిచ్చి గీతలుగా వస్తాయి, అది చూడకుండా పార్టీకి ఇస్తే పరువు పోతుంది. మధ్యలో పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ ఉంటే సెకనుకు 12 ఎంబీ కూడా సరిగ్గా రాదు, గిగాబిట్ స్విచ్ పెట్టండి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | ఎప్పుడు పనికొస్తుంది | ఖర్చు | క్వాలిటీ | ఎండ, కరెంటు |
|---|---|---|---|---|
| హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ | ఎన్‌కోడ్ లేదా డీకోడ్ అడ్డుగా ఉంటే | ఉన్నదే ఆన్ చేస్తే సున్నా | ఎక్కువ బిట్‌రేట్‌లో సరే | వేడి తక్కువ |
| కొత్త తరం, ఎక్కువ కోర్లు | ఫోర్‌కే, ఎక్స్‌265, బ్లెండర్ | ఎక్కువ | చాలా బాగుంటుంది | వేడి ఎక్కువ, మంచి కూలర్ కావాలి |
| పాత డ్యుయల్ జియాన్ | ఒకేసారి ఎన్నో ఎన్‌కోడ్‌లు నడిపితే | మధ్యస్థం | బాగుంటుంది | బిల్లు, వేడి రెండూ ఎక్కువ |
| ముక్కలు చేయడం | కోర్లు ఖాళీగా ఉంటే | ఎస్‌ఎస్‌డీ ఖర్చు | సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడ్‌తో సమానం | కరెంటు పోయినా నష్టం తక్కువ |
| రెండో కంప్యూటర్ | పెళ్లిళ్లు మీద పడినప్పుడు | పాతది ఉంటే తక్కువ | మారదు | రెండు మిషన్ల బిల్లు |

## మన ఎండల సంగతి

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం వైపు 40 డిగ్రీలు దాటడం మామూలే. ప్రాసెసర్‌కు వేడి తగిలితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పదహారు కోర్లున్నది కొని ఇరుకు క్యాబినెట్‌లో, మూసిన గదిలో పెడితే మధ్యాహ్నం అది ఎనిమిది కోర్ల పని చేస్తుంది. ఎక్స్‌పోర్ట్ తెల్లవారుజామున పెట్టినప్పుడూ మధ్యాహ్నం పెట్టినప్పుడూ టైమ్ బాగా తేడా వస్తోందంటే ముందు దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ మార్చి, క్యాబినెట్‌కు ఇంకో ఫ్యాన్ పెట్టండి. ల్యాప్‌టాప్ వాళ్లకు ఇది రెండింతలు వర్తిస్తుంది.

యూపీఎస్ లెక్క కూడా చూసుకోండి. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లే మోస్తుంది. పైన చెప్పిన జియాన్ ఒక్కోటి 120 వాట్లు, రెండు కలిపితే 240, దానికి గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు, మానిటర్ కలిపితే కరెంటు పోయిన మరుక్షణం యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది.

## ఎవరు ఏది తీసుకోవాలి

పెళ్లిళ్లు, పుట్టినరోజులు, ఫుల్ హెచ్‌డీ, ఎడియస్ లేదా ప్రీమియర్: చివర ఎఫ్ లేని ఇంటెల్, క్విక్ సింక్ ఆన్, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ రెండు స్టిక్కులుగా. ఇంతే. 12 కోర్లు దాటి డబ్బు పెట్టొద్దు, ఆ డబ్బుతో లెన్స్ కొనుక్కోండి.

సినిమాటిక్ వీడియోలు, డావించి రిజాల్వ్‌లో బరువైన కలర్ గ్రేడింగ్, నాయిస్ రిడక్షన్: ఇక్కడ పనంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది, దాని మెమరీ ఎంతో చూసి కొనండి. రెండు కార్డులు పెడదామనుకునేవాళ్లు, విండోస్‌లో ఉచిత వెర్షన్ ఒక్క కార్డునే వాడుతుందని, రెండోది పనిచేయాలంటే స్టూడియో వెర్షన్ కొనాలని తెలుసుకోండి.

పాత క్యాసెట్లు, డీవీడీలు డిజిటల్ చేసి చిన్న సైజులో దాచిపెట్టేవాళ్లు, కోచింగ్ క్లాసుల గంటల కొద్దీ వీడియోలు కుదించేవాళ్లు: మీకు కోర్లు నిజంగా పనికొస్తాయి. ఫైళ్లు ఎలాగూ విడివిడిగా ఉంటాయి కాబట్టి కోసే పని కూడా లేదు, మూడు నాలుగు ఒకేసారి నడిపితే చాలు. పాత జియాన్ ఎవరికైనా సరిపోతుందంటే అది మీకే, దాని మీద లైనక్స్ వేసుకుంటే విండోస్ తలనొప్పులూ ఉండవు.

ఎవరైనా సరే, కొనే పని ఆషాఢంలో పెట్టుకోండి. ముహూర్తాలుండవు, చేతిలో టైమ్ ఉంటుంది. మీ కెమెరా ఫైళ్లతో ఒక ఐదు నిమిషాల ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపుకు వెళ్లి, అక్కడి మిషన్ మీద మీ కళ్లముందే ఎక్స్‌పోర్ట్ చేయించండి. ఒప్పుకోని షాపు అయితే పక్క షాపుకు వెళ్లండి.